మొలక గదిలో వాసన

ఆ వాసన మొదట మా తోటికోడలు పసిగట్టింది. నాకు జలుబుగా ఉంది, అందుకే తెలియలేదని తరువాత చాలాసార్లు సర్దిచెప్పుకున్నాను. నిజానికి నాకూ తెలిసింది. వానాకాలం కదా, గదిలో తేమ ఎక్కువ, అంతేలే అనుకున్నాను.

గన్నవరం దాటాక హైవే మీది నుంచి కొంచెం లోపలికి వెళ్తే ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో మేమిద్దరం రాగి మాల్ట్ తయారు చేస్తాం. ఆవిడ మా బావగారి భార్య, నాకంటే పదకొండేళ్ళు పెద్ద. నేను అక్కా అని పిలుస్తాను. వ్యవసాయ కుటుంబంలో పుట్టి పెరిగింది కనుక గింజని గుప్పిట్లోకి తీసుకుని పాతదా కొత్తదా చెప్పగలదు. రాగుల్ని ఇప్పటికీ చోళ్ళు అనే అంటుంది. నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. ఆ కాలేజీ మూతపడ్డాక ఏం చేయాలో తోచక ఉన్నప్పుడు, అక్క ఇంట్లో పిల్లల కోసం చేసే మాల్ట్‌ని బంధువులు అడిగి మరీ పట్టుకెళ్తున్నారు కదా, అదే చేద్దామని మొదలుపెట్టాం.

పని చెప్పుకోవడానికి సులువే. రాగులు కడిగి, నానబెట్టి, నీళ్ళు వంచేసి, ట్రేల్లో పలచగా పరిచి తడిబట్ట కప్పాలి. రెండు రోజుల్లో తెల్లటి మొలక వస్తుంది. దాన్ని డ్రయ్యర్‌లో ఆరబెట్టి, వేళ్ళు రాల్చి, దోరగా వేయించి, మర పట్టించాలి. కష్టమంతా ఆ మొలక దశలోనే ఉంది. గింజకి ఏ తడి, ఏ వెచ్చదనం కావాలో బూజుకీ సరిగ్గా అవే కావాలి. మన గింజ ముందు మొలకెత్తాలి, అది రాకూడదు. మా ఊళ్ళ ఉక్కపోతలో ఆ పోటీ రోజూ ఉంటుంది.

ఆ రోజు అక్క ట్రే మీద బట్ట ఎత్తి, వంగి, మొహం పక్కకి తిప్పుకుంది.

"పులిసిన వాసన వస్తోంది. నీకు రావట్లేదా?"

"వానలు కదా అక్కా. డ్రయ్యర్‌లో పెడితే పోతుంది."

నేనన్నట్టే పోయింది. వేయించాక మాల్ట్ ఎప్పటిలా కమ్మగా ఉంది. ప్యాకెట్లు కట్టి పంపేశాం. మరుసటి వారం వాసన ఇంకొంచెం ఎక్కువైంది. ఒక ట్రే మూలన మొలకల మీద బూడిద రంగు నూగు కనిపిస్తే ఆ మూల వరకు తీసి పారేశాను. మిగతాది బాగానే ఉందనిపించింది. ఇప్పుడు ఇది రాస్తుంటే ఆ మూల ఒక్కటే కళ్ళకు కడుతోంది. కంటికి కనిపించే దాకా వచ్చిందంటే బూజు ఎంత దూరం పాకి ఉంటుందో, పదహారేళ్ళు పాఠాలు చెప్పిన నాకు తెలియక కాదు.

మూడో వారం అక్క ఊరుకోలేదు.

"వానలు వానలు అంటావు. పోయినేడు మాత్రం వానలు పళ్ళేదా? అప్పుడెందుకు రాలేదీ వాసన?"

సరుకు మారిందన్నాను. ఆ నెల రాగులు కొత్త వ్యాపారి దగ్గర తీసుకున్నాం మరి. అక్క గోనెలో చెయ్యి పెట్టి గింజలు తీసి, కొరికి చూసి, గింజలో తప్పు లేదంది. అయితే నీళ్ళన్నాను. ట్యాంకు కడిగించాం. మొలక గదికి ఇంకో ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించాం. రోజుకి రెండుసార్లు మార్చే నానబెట్టిన నీళ్ళని నాలుగుసార్లు మార్చాం. వాసన తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది.

సరిగ్గా అప్పుడే పటమట నుంచి ఫోన్ వచ్చింది.

ఆ అమ్మాయి మా దగ్గర మూడు నెలలుగా తీసుకుంటోంది. బ్యాంకులో ఉద్యోగం. బాబుకి పదో నెల. ఉదయం తొమ్మిదిన్నర అయి ఉంటుంది, నేను కాటా దగ్గర ఉన్నాను.

"మేడమ్, మిమ్మల్ని ఒకటి అడగొచ్చాండీ? ఈసారి ప్యాకెట్ ఏమన్నా మార్చారా? కొంచెం ముక్కిన వాసన వస్తోంది."

"ఎప్పుడు తెరిచారమ్మా?"

"నిన్నండీ. నిన్న సాయంత్రం పట్టాను, పొద్దున మళ్ళీ పట్టాను. బాబు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. దానివల్లేనని అనట్లేదండీ. ఊరికే అడుగుదామని."

నా చేతిలో ఉన్న ప్యాకెట్ కాటా మీద పెట్టేశాను. ఇంకేమీ పట్టొద్దని, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని చెప్పాను. ఏ డాక్టరో కనుక్కుని, నేనూ వస్తున్నానన్నాను. ఆ అమ్మాయి మొహమాటపడింది. "మీరెందుకండీ అంత దూరం నుంచి" అంటూనే ఉంది, నేను స్కూటర్ తీశాను.

గన్నవరం నుంచి పటమట ఆ వేళప్పుడు గంటలోపే. రామవరప్పాడు రింగు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని నిలబడ్డప్పుడు నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. వేయిస్తే బూజు చస్తుంది. అది వదిలిన విషం చావదు. కొన్ని రకాల బూజులు వదిలే విషం ఆ వేడికి పోదని నేనే ఎంతోమందికి చెప్పాను. డ్రయ్యర్‌లో పెడితే పోతుందని అక్కతో అన్నది కూడా నేనే.

ఆసుపత్రి చిన్నది, మేడ మీద ఉంది. ఆ అమ్మాయి బాబుని భుజాన వేసుకుని వరండాలో అటూ ఇటూ నడుస్తోంది. నేను అంతకుముందు ఆమెను ఫోన్‌లోనే తప్ప చూడలేదు. బాబు మొహం వాడిపోయి ఉంది కానీ నా మెళ్ళో కళ్ళజోడు తాడు పట్టుకుని లాగాడు. ఆ లాగడం చూసి నాకు కొంచెం ఊపిరి ఆడింది.

డాక్టరు పొట్ట నొక్కి చూశాడు, నాలుక చూశాడు. ఓఆర్ఎస్ పట్టమని, రెండు రోజులు పల్చటి జావ, తల్లిపాలు చాలని చెప్పాడు. ఈ వారం ఇలాంటి కేసులు చాలా వస్తున్నాయన్నాడు. నేను ఉండబట్టలేక, ఇది మా మాల్ట్ వల్ల కావచ్చా అని అడిగాను.

"కావచ్చు, కాకపోవచ్చునమ్మా. నీళ్ళు కావచ్చు, పళ్ళొస్తున్నాయి కాబట్టి నోట్లో పెట్టుకున్నదేదైనా కావచ్చు. ఆ ప్యాకెట్ మాత్రం ఇంక వాడకండి."

బయటికి వచ్చాక ఆ అమ్మాయి నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. కోపంగా రెండు మాటలు అని ఉంటే బాగుండేది. "మీరు ఇంత కంగారు పడకండి, తగ్గిపోతుంది లెండి" అని నాకే ధైర్యం చెప్పింది. ఆ ప్యాకెట్ ఇంటి నుంచి తెప్పించి ఇచ్చింది. దారిలో విప్పి వాసన చూశాను. పాత గోనె సంచి వాసన. అంతకుముందు మూడు వారాలు నేను వానాకాలం అని పేరు పెట్టుకున్నది ఇదే.

ఆ మధ్యాహ్నమే అక్కా నేనూ డ్రయ్యర్ ఆపేశాం. ఆ నెలలో కట్టిన ప్యాకెట్లన్నీ వెనక్కి తెప్పించాలనుకున్నాం. నేరుగా తీసుకునేవాళ్ళకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాను. "సరుకు బాగాలేదండీ, వాడకండి, మనిషిని పంపి తెప్పించుకుంటాం" అన్న ఆ ఒక్క మాట ఎన్నిసార్లు చెప్పినా నోరు తిరగలేదు. కొందరు అయిపోయిందండీ, పిల్లలు తాగేశారు, బాగానే ఉన్నారు అన్నారు. ఒకావిడ మాత్రం నా మాట పూర్తికాకుండానే ఫోన్ పెట్టేసింది.

దుకాణాలకి అక్కే వెళ్ళింది, నేను స్కూటర్ నడిపాను. గవర్నర్‌పేటలో మా సరుకు పెట్టుకునే పెద్దాయన అట్టపెట్టె కౌంటర్ మీద పెట్టి, మూత తీయకుండా చెయ్యి అడ్డం పెట్టాడు.

"నా దగ్గర ఎవరూ ఏమీ అన్లేదమ్మా. ఉన్నది పోనివ్వండి. వచ్చే లాట్ బాగా చెయ్యండి, సరిపోద్ది."

"చంటిపిల్లలు తాగేదండీ" అంది అక్క.

ఆయన చెయ్యి తీసేశాడు. అయితే ఆ పెట్టెలో ఉండాల్సిన వాటికంటే తొమ్మిది ప్యాకెట్లు తక్కువ ఉన్నాయి. దారిన పోయేవాళ్ళు ఎవరో కొనుక్కెళ్ళారు. ఎవరో ఆయనకీ తెలియదు. పోనీ గుర్తు చేసుకోండి అని అడిగితే, రోజూ ఎంతమంది వస్తారమ్మా అన్నాడు. నిజమే. తరువాత చాలా రోజులు బస్టాపుల్లో చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళని చూస్తే ఆ తొమ్మిదే గుర్తొచ్చేవి.

పటమట ప్యాకెట్‌ని, మా దగ్గర మిగిలిన అదే లాట్‌లో కొంత కలిపి ఊళ్ళో ఒక ల్యాబ్‌కి ఇచ్చాను. రిపోర్టుకి వారం పైన పడుతుందన్నారు.

ఆ వారం మేము ఖాళీగా కూర్చోలేకపోయాం. తప్పు ఎక్కడుందో తెలియకుండా మళ్ళీ ఒక్క గింజ కూడా నానబెట్టకూడదని అక్క పట్టుబట్టింది. తెలియాలంటే నానబెట్టాలి కదా అని నేను. చివరికి ఇంట్లో స్టీలు బేసిన్లలో కొంచెం కొంచెం వేసి చూద్దామనుకున్నాం. ఒక దాంట్లో కొత్త వ్యాపారి రాగులు, ఇంకో దాంట్లో అక్క ఇంట్లో దాచిన పాత రాగులు. ఒకదానికి మా ట్యాంకు నీళ్ళు, ఒకదానికి కొని తెచ్చిన క్యాను నీళ్ళు. అలా నాలుగు, కొత్త రాగులూ ట్యాంకు నీళ్ళూ ఇంకోసారి కలిపి మొత్తం అయిదు బేసిన్లు. షెడ్డులోని కప్పుబట్టల్లో ఒకదాన్ని ముక్కలు చేసి వాటి మీద కప్పాను. నాలుగింటికే సరిపోయింది. అయిదో దానికి అక్క తన పాత నేత చీర చెంగు చింపి కప్పింది.

రెండో రోజు మధ్యాహ్నం చూశాం. నాలుగు బేసిన్లలోనూ అదే వాసన, కొత్త గింజా పాత గింజా, ఏ నీళ్ళయినా సరే. అయిదో దాంట్లో మాత్రం పచ్చిగడ్డి కోసినప్పటి వాసన. మాకు మొదటినుంచీ తెలిసిన వాసన.

ఇద్దరం ఒకేసారి బట్టల వైపు చూశాం. ఆ బట్టలు మా అన్నయ్య నేసినవి.

మాది మంగళగిరి. పుట్టింట్లో అందరం మగ్గాల మధ్య పెరిగినవాళ్ళం. నాన్న పోయాక మగ్గం మీద కూర్చుంటున్నది అన్నయ్య ఒక్కడే. వేసవి మొదట్లో మా పాత కప్పుబట్టలు చిరిగిపోతున్నాయని మాటల్లో అంటే, వద్దన్నా వినకుండా చీరల పని పక్కన పెట్టి, ట్రేల కొలతలు అడిగి, ఇరవై బట్టలు నేసి పంపాడు. అంచుకి సన్నటి ఎర్ర గీత కూడా వేశాడు. అవి వచ్చిన రోజు అక్క బట్టని చెంపకు ఆనించుకుని, వీటిని మొలకల మీద కప్పడానికి మనసొప్పట్లేదు, కట్టుకునేలా ఉన్నాయి అంది.

నేను ఫస్ట్ ఎయిడ్ పెట్టె తెచ్చాను. అందులో గాయాలకు రాసే అయోడిన్ మందు ఉంటుంది. అక్క చీర ముక్క మీద ఒక చుక్క వేస్తే గోధుమరంగులోనే ఉండిపోయింది. అన్నయ్య బట్ట మీద వేస్తే, చూస్తుండగానే ముదురు నీలంగా మారి నల్లబడింది. ఈ పరీక్షని ఏటా కొత్త పిల్లలకి బంగాళాదుంప ముక్క మీద చేసి చూపించేదాన్ని. పిండిపదార్థం ఉంటే నీలంగా మారుతుంది.

"ఏంటది?" అంది అక్క.

"గంజి."

పడుగుకి, అంటే మగ్గానికి నిలువుగా కట్టే నూలుకి, గంజి పట్టించకుండా మగ్గం మీద నేయలేరు, దారం తెగిపోతుంది. ఇది నాకు కెమిస్ట్రీ కంటే ముందే తెలుసు. చిన్నప్పుడు మా వీధిలో పడుగులు సాగదీసి గంజి పెడుతుంటే కుంచె అందించినదాన్ని. అయినా ఆ బట్టల్ని ఒక్కసారి చన్నీళ్ళలో జాడించి వాడకంలో పెట్టేశాను. వేసవిలో ఎండకి కరకరలాడేలా ఆరేవి కనుక ఏమీ కాలేదు. వానలు మొదలయ్యాక షెడ్డులోనే తాళ్ళ మీద సగం ఆరీ ఆరకుండా మళ్ళీ కప్పాం. పోగుల సందుల్లో గంజి నాని, పులిసి, బూజుకి మేతయింది. ప్రతి రెండు రోజులకీ దాన్ని మేమే తీసుకెళ్ళి మొలకల మీద పరిచాం.

రిపోర్టు వచ్చే దాకా మా ఇద్దరికీ అన్నం సహించలేదు. ల్యాబ్ వాళ్ళు ఫోన్ చేస్తే వెళ్ళి, మెట్ల మీదే కవరు చింపి చదివాను. బూజు చాలా ఎక్కువగా ఉంది. విషం మాత్రం అనుమతించిన హద్దు లోపలే ఉంది. ఆ రెండో వాక్యాన్ని మూడుసార్లు చదివాను. తేలికపడ్డానా అంటే పడ్డాను. కానీ వాళ్ళు పరీక్ష చేసింది గుప్పెడు పిండి. మిగతా ట్రేల సంగతి, ఆ నూగు కనిపించిన మూల సంగతి ఆ కాగితంలో లేవు.

అక్కడి నుంచి నేరుగా పటమట వెళ్ళాను. బాబుకి ఎప్పుడో తగ్గిపోయింది, నేల మీద పాకుతూ నా చెప్పుల దాకా వచ్చాడు. రిపోర్టు ఆ అమ్మాయి చేతికిచ్చి, బట్టల సంగతి, మూడు వారాలుగా వాసన వస్తున్నా పట్టించుకోని సంగతి మొత్తం చెప్పాను. ఆమె కాగితం పూర్తిగా చదివింది.

"అయితే వాడికి దీనివల్లే అయిందంటారా?"

"తెలియదమ్మా. కాదని మాత్రం చెప్పలేను."

ఆమె కాగితం మడిచి నాకిచ్చేసి బాబుని ఎత్తుకుంది. "మీరు రాకపోతే నాకీ సంగతి తెలిసేదే కాదు. వచ్చి చెప్పినందుకు థాంక్సండీ. కానీ ఇంక నేను తీసుకోలేను. ఏమీ అనుకోవద్దు" అంది. అనుకోవడానికేముంది. నేనైనా అంతే చేసేదాన్ని. వచ్చేస్తుంటే, ఇంట్లో తనే చేసుకోవాలంటే ఎలాగో చెప్తారా అని అడిగింది. వంటింట్లో నిలబడి కొలతలు, నీళ్ళు మార్చే వేళలు, వాసన ఎలా ఉంటే పారేయాలో అన్నీ చెప్పాను. ఆమె ఫోన్‌లో రాసుకుంది.

అన్నయ్యకి చెప్పడమే మిగిలింది. చెప్పొద్దంది అక్క. "ఆయన తప్పేముంది ఇందులో? పాపం, ప్రేమగా నేసి పంపాడు. బట్టలు మార్చేద్దాం, అంతే." నాలుగు రోజులు నేనూ అలాగే అనుకున్నాను. అయిదో రోజు ఆయనే ఫోన్ చేశాడు, ఇంకో ఇరవై బట్టలు మొదలుపెట్టనా అని. ఇక దాచలేకపోయాను. మొత్తం చెప్పాను.

"పిల్లోడు ఎలా ఉన్నాడే?" అన్నాడు అంతా విని.

"బాగానే ఉన్నాడన్నయ్యా."

"నీకు పంపుతున్నాను కదా, చూడ్డానికి బాగుండాలని నేత అయ్యాక పైన ఇంకోసారి గంజి పట్టించాను. తిండి మీద కప్పేదని నువ్వు చెప్పావు. నా బుర్రకి తట్టలా."

"ఉడకబెట్టాల్సింది నేను. నీ తప్పు కాదు."

"ఎవరిదైతే ఏంలే" అని ఫోన్ పెట్టేశాడు.

ఆ మాటతో ఆ సాయంత్రమంతా కుదురు లేదు. చెప్పి తప్పు చేశానా అని అక్కని పదిసార్లు అడిగాను. మళ్ళీ ఫోన్ చేస్తే వదిన ఎత్తి, ఆయన మగ్గం దగ్గర లేడు, ఎటో వెళ్ళాడంది.

మర్నాడు ఉదయం పదింటికి అన్నయ్య మా షెడ్డు ముందు ఆటో దిగాడు. వెంట పెద్ద ఇత్తడి గుండిగ, నూలు ఉడకబెట్టేది, ఆటో వెనక కట్టించుకుని తెచ్చాడు. నన్నేమీ అడగలేదు. రాళ్ళు పేర్చి పొయ్యి పెట్టి, మిగిలిన పంతొమ్మిది బట్టలూ వేసి, మధ్యాహ్నం దాకా కర్రతో తిప్పుతూ ఉడకబెట్టాడు. మూడుసార్లు నీళ్ళు పారబోశాడు. మొదటిసారి పారబోసినవి బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లగా ఉన్నాయి. అక్క అయోడిన్ సీసా తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన ఒక్కో బట్ట అంచునా చుక్క వేసి, రంగు మారలేదని తనే చూసుకుని పక్కన పెట్టాడు. రెండు బట్టలకి ఇంకా నీలం వచ్చింది. వాటిని మడిచి తన సంచిలో పెట్టుకున్నాడు.

భోజనాల దగ్గర అక్క, "మీరు నొచ్చుకున్నారేమోనని ఇది నిద్రపోలేదండీ" అంది.

"నొచ్చుకున్నానమ్మా" అన్నాడు అన్నయ్య. "నా బట్ట వల్ల ఒకరింటి పిల్లాడికి బాగాలేదంటే నొప్పుండదా? అయితే దీని మీద కాదు." ఆ తరువాత ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

వానలు తగ్గేదాకా షెడ్డు తెరవలేదు. తెరిచాక మొదటి లాట్ అమ్మలేదు, మేమే తాగాం. రెండో లాట్‌ని ల్యాబ్‌కి పంపి, రిపోర్టు చూశాకే ప్యాకెట్లు కట్టాం. ఇప్పుడు ప్రతి లాట్‌కీ అంతే. ఫోన్ మధ్యలో పెట్టేసిన ఆవిడ మళ్ళీ మా దగ్గరికి రాలేదు. వెనక్కి ఇచ్చిన వాళ్ళలో సగంమంది దాకా వచ్చారు. సరుకు బాగాలేదని మీరే చెప్పారు కాబట్టి వచ్చామని ఒకరిద్దరు అన్నారు. ఆ మాట వింటే సంతోషం కంటే భయమే ఎక్కువ పుడుతుంది నాకు. మూడు వారాలు చెప్పకుండా ఉన్న సంగతి వాళ్ళకి తెలియదు కదా.

అందుకే ఇది రాసిపెట్టాను. ఇప్పుడు మొలక గదిలోకి ముందు అక్క వెళ్తుంది. ఆవిడ బాగుందన్నాక నేను వెళ్ళి చూస్తాను. ఇద్దరిలో ఒకరికి అనుమానం వచ్చినా ఆ ట్రే పారబోస్తాం, రెండో మాట లేదు. నిన్న ఒకటి పారబోశాం. బహుశా బాగానే ఉండి ఉంటుంది.